విడాకుల తరువాతి జీవితాన్ని కథగా రాయాలా, వ్యాసంగా రాయాలా? పిల్లల గురించి ఎంతవరకు రాయవచ్చు?

వేకువ (ప్రశ్న):

నమస్కారం. నేను హైదరాబాదులో ఒక బ్యాంకులో పనిచేస్తున్నాను. మా స్వస్థలం ఒంగోలు. పరస్పర అంగీకారంతో మాకు విడాకులు మంజూరై కొంతకాలమైంది. నాలుగో తరగతి చదువుతున్న మా అమ్మాయి నా దగ్గరే ఉంటుంది, సెలవులకు వాళ్ళ నాన్నగారి దగ్గరికి వెళ్ళి వస్తుంది. పెళ్ళికి ముందు నేను రాసిన కథలు కొన్ని ఆదివారం అనుబంధాల్లో అచ్చయ్యాయి. ఆ తరువాత ఆగిపోయిన ఆ అలవాటు ఈ మధ్యే మళ్ళీ మొదలైంది. మొదలైన దగ్గరి నుంచి ఏది రాయబోయినా ఈ ఒక్క విషయం దగ్గరికే వచ్చి ఆగుతున్నాను.

ఇప్పుడు నా దగ్గర ఒకే అనుభవానికి రెండు రూపాలున్నాయి. మొదటిది "నేను" అంటూ రాసుకున్న వ్యాసం. రోజూ ఖాతాదారుల చేత మైనరు ఖాతా ఫారాలు నింపించే నేనే, మా అమ్మాయి పేరున ఖాతా తెరవబోయి సంరక్షకుల సంతకం గడి దగ్గర ఆగిపోవడం అందులో మొదటి ఘట్టం. మా మేనమామ కొడుకు పెళ్ళిలో, అల్లుడు రాలేదేమని అడిగిన వాళ్ళందరికీ మా అమ్మ "ఆఫీసు పని మీద పుణె వెళ్ళాడు" అని చెప్పుకుంటూ తిరగడం రెండవది. రాత్రిళ్ళు నిద్రపోయే ముందు మా అమ్మాయి నన్ను అడిగే ప్రశ్నలు మూడవది.

రెండో రూపం కథ. అందులో "ఆమె" రాజమహేంద్రవరంలో ఉపాధ్యాయురాలు, భర్త తాగుబోతు. నిజానికి మా అమ్మాయి తండ్రికి తాగుడు అలవాటు లేదు. మా మధ్య చెప్పుకోదగిన కొట్లాటలు కూడా జరగలేదు; కరెంటు బిల్లు, పాల లెక్క తప్ప మరో మాట లేకుండా ఒకే ఇంట్లో బతకడం ఇద్దరికీ అలవాటైపోయింది, అంతే. ఆ మాత్రానికే విడిపోయారంటే పాఠకులు ఒప్పుకోరేమోనని కథలో అతనికి ఆ వ్యసనం పెట్టాను.

ఈ రెండింటిలో దేన్ని ప్రచురణకు పంపడం మంచిది? కథ అని పేరు పెట్టినంత మాత్రాన నాకు రక్షణ ఉంటుందా? మా అమ్మాయి మాటలను వాడుకునే హక్కు నాకు ఉందా? "మన ఇంటి సంగతి నలుగురి నోళ్ళలో పెడతావా" అని మా అమ్మ బాధపడుతోంది. రచనతో సంబంధం ఉన్నవారు, చట్టం తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

బెజవాడ వకీలు:

వేకువ గారూ, నేను కుటుంబ న్యాయస్థానాల్లో వాదించే న్యాయవాదిని కాబట్టి నాకు తెలిసిన మేరకే చెబుతాను. మీ కాగితాలను చూసిన న్యాయవాదిని కూడా ఒకసారి సంప్రదించండి.

హిందూ వివాహ చట్టం, 1955లో 22వ సెక్షను ఉంది. ఈ చట్టం కింద నడిచే విచారణలు బహిరంగంగా కాక ఆంతరంగికంగా జరగాలని, ఆ విచారణకు సంబంధించిన విషయాలను అచ్చువేయడం గానీ ప్రచురించడం గానీ చట్టసమ్మతం కాదని ఆ సెక్షను చెబుతుంది. కోర్టు ముందస్తు అనుమతితో ప్రచురించే హైకోర్టు, సుప్రీంకోర్టు తీర్పులకు మాత్రమే దీని నుంచి మినహాయింపు ఉంది. జరిమానా వెయ్యి రూపాయలకు మించదు గనుక చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు, కానీ ఒకసారి ఫిర్యాదు నడిచిందంటే మళ్ళీ అదే మెట్లు ఎక్కవలసి వస్తుంది. అందువల్ల పిటిషన్‌లోని వాక్యాలు, కౌన్సెలింగ్‌లో ఎవరు ఏమన్నారన్న వివరాలు, మనోవర్తి గురించి కుదిరిన లెక్కలు మీ రచనలోకి రానివ్వకండి. బ్యాంకులో ఫారం, పెళ్ళిలో మీ అమ్మగారి మాటలు విచారణలో భాగం కావు. అవి మీ జీవితం.

ఇక పరువునష్టం సంగతి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఇది 356వ సెక్షను కిందికి వస్తుంది. పేరు మార్చాను, ఊరు మార్చాను అంటే సరిపోదు. ఆ పాత్ర ఎవరో తెలిసినవారు గుర్తుపట్టగలరా లేదా అన్నదే అసలు ప్రశ్న. క్రిమినల్ కేసులో నిజం చెప్పానన్న ఒక్క మాట కూడా పూర్తి రక్షణ కాదు, అది ప్రజాహితం కోసమని కూడా చూపించవలసి ఉంటుంది. మీరు కథను సురక్షితమనీ వ్యాసాన్ని ప్రమాదకరమనీ అనుకుంటున్నారు, నాకు మాత్రం వ్యవహారం తలకిందులుగా కనిపిస్తోంది. వ్యాసంలో మీరు ఆయన మీద ఏ ఆరోపణా చేయలేదు. కథలో మాత్రం, మీ బంధువులంతా ఆయనే అని గుర్తుపట్టే మనిషికి, ఆయనకు లేని తాగుడును అంటగట్టారు.

మీ రాజీ పత్రంలో ఒకరినొకరు నిందించుకోకూడదన్న షరతు ఉందేమో చూసుకోండి. ఈ మధ్య చాలా పత్రాల్లో అది రాస్తున్నారు. కేసు ఇంకా నడుస్తున్నవారు ఎవరైనా ఇది చదువుతుంటే వారికి ఒక మాట: జీవిత భాగస్వామి మీద ఆధారం లేని ఆరోపణలు చేయడం మానసిక క్రూరత్వం కిందికి రావచ్చని సుప్రీంకోర్టు ఒకటికి మించిన తీర్పుల్లో చెప్పింది. అటువంటి సమయంలో అచ్చయిన కథ అవతలి పక్షానికి సాక్ష్యంగా పనికివస్తుంది.

మీ వ్యాసంలోని సంతకం గడికి పెద్ద చరిత్రే ఉంది. గీతా హరిహరన్ అనే ఆంగ్ల రచయిత్రి తన మైనరు కుమారుడి పేరున రిజర్వు బ్యాంకు బాండ్లు కొనబోయి, సంరక్షకురాలిగా తన సంతకం చెల్లదంటే కోర్టుకు వెళ్ళారు. 1956 నాటి మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలో సహజ సంరక్షకులు "తండ్రి, ఆయన తరువాత తల్లి" అని ఉంది. తండ్రి చనిపోయిన తరువాతే తల్లి అని దాన్ని చదవనక్కరలేదని, తండ్రి ఏ కారణం చేతనైనా బిడ్డ బాధ్యత చూసుకోని సందర్భంలో కూడా తల్లి సహజ సంరక్షకురాలేనని సుప్రీంకోర్టు 1999లో తీర్పు చెప్పింది. బ్యాంకు ఉద్యోగిగా మీకు ఈ విషయం తెలిసే ఉంటుంది. తెలిసి కూడా మీరు ఆ గడి దగ్గర ఎందుకు ఆగారో రాస్తే ఆ ఘట్టం ఒక్క మీ ఇంటిదిగా మిగలదని నాకు అనిపిస్తోంది.

చిత్తుప్రతి:

కథల పత్రికకు వచ్చే రచనలను చదివి ఎంపిక చేసే పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను. వకీలు గారు చట్టం వైపు నుంచి చెప్పిన విషయాన్నే రచన వైపు నుంచి చెప్పాలని ఉంది, ఎందుకంటే ఆ తాగుడు చట్టానికి ఎంత ఇబ్బందో కథకూ అంత ఇబ్బంది.

విడాకుల మీద మాకు వచ్చే కథలలో భర్త తాగుబోతు, అనుమానపు మనిషి లేదా మరో సంబంధం ఉన్నవాడు. భార్య నాలుగు పేజీలు భరించి, ఐదో పేజీలో బిడ్డను ఎత్తుకుని గడప దాటుతుంది, అక్కడికి కథ అయిపోతుంది. అటువంటి భర్తలు లేరని కాదు, వారి గురించి రాయకూడదనీ కాదు. కానీ గడప దాటిన మరునాటి నుంచి జరిగేదాన్ని రాసేవారు బహు తక్కువ. అద్దె ఇల్లు చూడబోతే "మీ వారు ఏం చేస్తుంటారు" అని యజమాని అడగడం, గ్యాసు కనెక్షను ఎవరి పేరున ఉండాలన్న పేచీ, శ్రావణ శుక్రవారం పేరంటానికి పిలవాలా వద్దా అని తటపటాయించే ఎదురింటావిడ ముఖం, వీటిని గురించి నేను చదివిన కథలు చాలా కొద్ది. మీ దగ్గర అంతకంటే అరుదైన సరుకు ఉంది. ఎవరి తప్పూ పైకి కనిపించకుండా కూలిపోయిన సంసారం ఎంతో కష్టమైన కథావస్తువు. పాఠకులు ఒప్పుకోరేమోనన్న భయంతో దాన్ని తీసివేసి, వారు ఎప్పుడో ఒప్పుకున్న కారణాన్ని తెచ్చి పెట్టారు. ఒప్పుకోరేమోనన్న ఆ భయమే మీ కథకు వస్తువు కావలసింది.

పేర్లు మార్చిన వ్యాసం కథ కాదు. కథ కావాలంటే, మీకు తెలియనిదాన్ని ఊహించవలసిన అవసరం ఎక్కడో ఒకచోట కలగాలి. నన్నడిగితే మీ మూడు ఘట్టాల్లో కథ ఉన్నది ఒక్క రెండవ దానిలోనే, అది కూడా మీ కథ కాదు, మీ అమ్మగారిది. ఆ పెళ్ళి పందిట్లో నిజంగా కథలు అల్లుతున్నది ఆవిడే గదా! ఒకరికి పుణె అని చెప్పాక, మరొకరు "పుణెలో మా తమ్ముడూ ఉన్నాడు, ఏ కంపెనీ" అని అడిగితే ఆవిడ ఏం చేసి ఉంటుంది? భోజనాల బంతిలో కూతురి పక్కన కూర్చున్నప్పుడు ఆ అబద్ధాన్ని కూతురి చేత కూడా చెప్పించాలనుకుందా? రాత్రి ఇంటికి వచ్చి నగలు తీసి పెట్టుకుంటూ ఏమనుకుంది? ఇవేవీ మీకు తెలియవు కాబట్టి ఊహించక తప్పదు. ఆవిడ వైపు నుంచి రాస్తే భర్త పాత్ర కథలోకి రానే రాదు, అతనికి ఏ దురలవాటూ అవసరం పడదు.

వ్యాసం విషయానికి వస్తే, "నేను" అని రాసినప్పుడు పరీక్షకు నిలబడవలసినది ఆ నేనే. మాటలు లేని ఆ ఇంట్లో మీరేం చేశారు? మాట్లాడించే ప్రయత్నం ఎప్పుడు మానుకున్నారు? మానుకోవడంలో కొంత హాయి కూడా ఉండిందా? ఈ ప్రశ్నలకు చోటు లేని వ్యాసం ఎంత చక్కని తెలుగులో ఉన్నా పిటిషన్‌లాగే చదువుకోవలసి వస్తుంది. అవతలి మనిషి గురించి ఎంత తక్కువ చెబితే, పాఠకులు ఆయన గురించి అంత ఎక్కువ ఆలోచిస్తారు.

అమ్మాయి ప్రశ్నల గురించి నాకు ఒక పద్ధతి ఉంది. బిడ్డ అడిగిన మాటను తీసివేసి, మీరు ఇచ్చిన జవాబును మాత్రం ఉంచండి. జవాబు మీది, దానిలోని తడబాటు మీది, తెల్లవారాక అది అబద్ధమేమోనని మీరు పడ్డ మథనం కూడా మీదే. ప్రశ్న మాత్రం ఆ పిల్లది.

ఈ రెండూ కుదరవనుకుంటే లేఖ ఉంది. 1930 ప్రాంతంలో కనుపర్తి వరలక్ష్మమ్మ గారు గృహలక్ష్మి పత్రికలో, శారద అనే స్త్రీ తన స్నేహితురాలికి రాస్తున్నట్టుగా "శారద లేఖలు" నడిపించారు. లేఖ రాసే స్త్రీ కల్పితం, ఆ లేఖల్లో చర్చకు వచ్చే సంగతులు మాత్రం ఆనాటి స్త్రీల నిజమైన సమస్యలు. ఇప్పటికీ వాడుకోదగిన ఏర్పాటే అది.

నల్లరేగడి:

చిత్తుప్రతి గారి మాటలలో చాలావరకు నాకు సమ్మతమే, అయినా ఒక అభ్యంతరం చెప్పక తప్పదు. నేను కర్నూలులో తెలుగు అధ్యాపకురాలిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నదాన్ని.

ఇంత జాగ్రత్త ఎప్పుడూ ఆడవారికే ఎందుకు చెబుతారు? 1993లో "నీలిమేఘాలు" స్త్రీవాద కవితల సంకలనం వచ్చినప్పుడు, పడకగదినీ ప్రసవాన్నీ బజారుకెక్కిస్తున్నారని పెద్దలనిపించుకున్నవారు ఎంత గొడవ చేశారో నాకు బాగా గుర్తు. ఆనాడు ఆ కవయిత్రులంతా ఇంట్లో అందరి అనుమతీ తీసుకుని రాయాలనుకుని ఉంటే, ఆ సంకలనంలో సగం పేజీలు ఖాళీగా ఉండేవి. మగ రచయితలు తమ చిన్ననాటి పేదరికం గురించీ, తల్లి కన్నీళ్ళ గురించీ, కొన్నిసార్లు భార్య అమాయకత్వం గురించీ పుంఖానుపుంఖాలుగా రాసుకున్నారు. ఆ తల్లినో ఆ భార్యనో అడిగి రాశారా అన్న ప్రశ్న నేను ఏ సభలోనూ వినలేదు.

"నిన్ను నువ్వు పరీక్షించుకో" అన్న సలహా కూడా ఆచితూచి ఇవ్వవలసినది. ఈ రచయిత్రి విషయంలో అది సరిపోతుందేమో. దెబ్బలు తిని బయటపడిన స్త్రీకి, తన తప్పేమిటని ఇల్లూ ఊరూ కోర్టూ అడగగా అడగగా విసిగిపోయిన స్త్రీకి, వ్యాసంలో కూడా అదే ప్రశ్న వేసుకోమంటే అది సాహిత్య విలువ అనిపించుకోదు, మరో పంచాయతీ అనిపించుకుంటుంది. కాబట్టి దాన్ని అందరికీ వర్తించే నియమంగా చెప్పవద్దని మనవి.

వేకువ గారూ, మీ అమ్మగారి బాధ గురించి ఎక్కువగా వెనుకాడకండి. నలుగురి నోళ్ళలో ఆ సంగతి ఇప్పటికే ఉంది, లేకపోతే పుణె అవసరం ఎందుకు వచ్చింది? బిడ్డ విషయంలో మాత్రం నేను పై వారితో ఏకీభవిస్తున్నాను.

రెండిళ్ళ పిల్ల:

నేను రచయితను కాదు. మా అమ్మానాన్నలు నా చిన్నప్పుడే విడిపోయారు, ఆ మీదట మా అమ్మ ఒక కథ రాసింది. అవతలి వైపు నుంచి ఎలా ఉంటుందో చెప్పడానికి మాత్రమే రాస్తున్నాను.

ఆ కథలో ఒక చిన్న పిల్ల ఉంటుంది. ఆదివారం తండ్రి ఇంటి నుంచి వచ్చేటప్పుడు అతని పాత చొక్కాను బడిసంచిలో దాచుకుని తెచ్చుకుంటుంది, రాత్రి దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకుంటుంది. ఆ పని చేసింది నేనే. అది నాకూ అమ్మకూ తప్ప మరెవరికీ తెలియదు; అమ్మకు కూడా నేను చెప్పలేదు, తను చూసింది. నేను ఇంటర్మీడియట్ చదువుతున్నప్పుడు నా స్నేహితురాలి తల్లి ఆ కథ చదివి, ఎంతో ప్రేమగానే, "ఆ చొక్కా దగ్గర నాకు ఏడుపొచ్చిందమ్మా" అన్నారు. మా ఇంట్లో విడాకులయ్యాయని నలుగురికీ తెలియడం నన్ను ఎప్పుడూ బాధపెట్టలేదు, మా వీధిలో అది అందరికీ తెలిసిన విషయమే. చొక్కా సంగతి తెలియడం మాత్రం చాలా బాధపెట్టింది. ఆ తరువాత కొన్నాళ్ళపాటు అమ్మ దగ్గర ఏమీ చెప్పకుండా, ఏమీ కనిపించనివ్వకుండా జాగ్రత్తపడ్డాను. అమ్మ ఎందుకని అడిగితే పరీక్షలన్నాను.

అయితే ఆ కథలోనే మరో చోటు ఉంది. తల్లి వంటింట్లో నిలబడే అన్నం తింటుంది, ఎందుకంటే బల్ల దగ్గర కూర్చుంటే మూడో కుర్చీ కనిపిస్తుంది. నేను అదే ఇంట్లో పెరిగి కూడా అమ్మ నిలబడి తింటున్నదని గమనించనే లేదు. పెళ్ళయ్యాక మళ్ళీ చదివినప్పుడు ఆ భాగం రాసినందుకు అమ్మకు ఫోను చేసి చాలాసేపు మాట్లాడాను. చిత్తుప్రతి గారు ప్రశ్నకూ జవాబుకూ చూపించిన తేడా నాకు అందుకే వెంటనే అర్థమైంది. చొక్కా నాది, కుర్చీ ఆమెది.

నల్లరేగడి గారి మాట కూడా నిజమే, అమ్మ రాయకుండా ఉండవలసిందని నేను అనను. ఒక్క విషయం గుర్తుంచుకోండి: ఆదివారం అనుబంధం సోమవారానికి పొట్లాలు కట్టే కాగితమైపోయే రోజులు పోయాయి. కాళీపట్నం రామారావు గారు 1997లో శ్రీకాకుళంలో స్థాపించిన కథానిలయం వంటి చోట్ల ఎప్పటివో కథలను భద్రపరుస్తున్నారు, వెతికేవారికి అవి ఇంట్లో కూర్చునే దొరుకుతున్నాయి. మీ అమ్మాయి ఇప్పుడు చదవకపోయినా పద్దెనిమిదేళ్ళకు తప్పకుండా చదువుతుంది, తన స్నేహితులూ చదువుతారు.

వేకువ:

అందరికీ కృతజ్ఞతలు. రాజీ పత్రం తీసి చూశాను, వకీలు గారు చెప్పిన షరతు అందులో ఉంది. తాగుడు ఉన్న కథను పక్కన పెట్టేస్తున్నాను. షరతు కోసమే కాదు, ఆ మనిషిని అలా చదివితే మా అమ్మాయి ఏమనుకుంటుందో ఇప్పుడు తలుచుకుంటే నాకే అసహ్యంగా ఉంది. వ్యాసంలో బ్యాంకు ఘట్టాన్ని పెంచి రాస్తాను. ఆ సంతకం నేను పెట్టవచ్చని నాకు తెలుసు, రోజూ ఎంతోమంది తల్లులకు చెబుతాను కూడా. మా బ్రాంచిలో నా ఫారాన్ని పరిశీలించవలసిన సహోద్యోగికి నా విషయం ఇంకా తెలియకపోవడమే నేను ఆగడానికి కారణం. పుణె సంగతి అమ్మ వైపు నుంచి కథగా ప్రయత్నిస్తాను. అమ్మకు ఆ మాట చెబితే ముందు కోప్పడింది, కాసేపాగి "అయితే నేను ఆ రోజు కట్టుకున్న చీర రంగు మార్చు" అంది.

ఇంకొక్క సందేహం మిగిలింది. వ్యాసం అచ్చయ్యే ముందు ఆయనకు చూపించాలా?

చిత్తుప్రతి:

ఆయన అనుమతి కోసమైతే చూపించనక్కరలేదు. ఆరోపణ ఏదీ లేనప్పుడు అది మీ రచన. తెలియజేయడం కోసమైతే ఒక చిన్న సందేశం చాలు: ఫలానా వారం, ఫలానా పత్రికలో, ఈ విషయం మీద నా వ్యాసం వస్తోంది, అందులో మీ పేరు గానీ మీ గురించిన ఫిర్యాదు గానీ లేదు అని. మరొకరి ద్వారా తెలుసుకోవడం కంటే ఇది ఎవరికైనా నయం. సంక్రాంతికో దసరాకో అమ్మాయి ఆయన దగ్గర ఉండే రోజుల్లో ఆ సంచిక రాకుండా ఉంటే మంచిది. రచన పంపేటప్పుడే ఉత్తరంలో ఆ కోరిక రాయండి. మాకు అటువంటి విన్నపాలు వస్తూనే ఉంటాయి, వారం అటూ ఇటూ జరపడం పెద్ద పనేమీ కాదు. కలంపేరు వాడదలచుకుంటే దాన్ని కూడా ఆ ఉత్తరంలోనే స్పష్టంగా చెప్పి, పారితోషికం కోసం ఇచ్చే అసలు పేరును రచన చివర వేయవద్దని విడిగా రాయండి. కూర్పు చేసేవారు చిరునామా కాగితం చూసి పేరు వేసేసిన సందర్భాలు ఉన్నాయి.